పెంపుడు బల్లులకు లైట్ ఎందుకు? ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగు సరిపోదా.. ఎండల ఊళ్లలోనూ ఎముకలు మెత్తబడటానికి కారణం ఇదే!

పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేట, నందిగామ.. ఈ పేర్లు వింటే వేసవిలో ముందు గుర్తొచ్చేది ఎండే. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని ఈ మండలాల్లో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. మున్నేరు గట్టు మీద రాళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాలతాయి. ఇలాంటి చోట ఇంట్లో ఇగువానానో, బియర్డెడ్ డ్రాగనో పెంచుకుంటున్న కుర్రాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఒకటే. "ఇంత వేడి ఉండగా దీనికి మళ్లీ లైట్ దేనికి?"

ఇక్కడే అసలు చిక్కు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. ఇంట్లోకి వేడి వస్తుంది. గోడల్లోంచి, స్లాబులోంచి, రేకుల్లోంచి ఎలాగైనా వస్తుంది. కానీ బల్లి ఎముకలకు కావాల్సిన కిరణం మాత్రం కిటికీ అద్దం దాకా వచ్చి ఆగిపోతుంది. అంటే బయట ఊరంతా మాడిపోతున్నా గదిలో గాజు పెట్టెలో ఉన్న బల్లి ఎండ తెలియకుండానే పెరుగుతుంది. కొన్ని నెలల తర్వాత దాని కాళ్లు వణుకుతాయి, దవడ మెత్తబడుతుంది. అప్పుడు గానీ విషయం అర్థం కాదు.

ఎండలో ఉన్న మూడు పనులు

ఉదయం పూట కంచె మీద తొండను ఎప్పుడైనా గమనించారా? ఎండ పడే వైపుకు ఒళ్లు తిప్పి, పొట్ట బల్లపరుపుగా చేసుకుని కదలకుండా ఉంటుంది. కాసేపయ్యాక తల ఊపుతూ వేటకు బయల్దేరుతుంది. బాగా ఎండెక్కాక చెట్టు చాటుకు పోతుంది. చూసేవాళ్లకు బద్ధకంలా కనిపిస్తుంది కానీ, ఆ అరగంటలో అది మూడు పనులు చేసుకుంటుంది.

మొదటిది వేడి. బల్లి జాతుల ఒంట్లో మనలాగా వేడి పుట్టించే ఏర్పాటు లేదు. బయటి వేడి ఒంటికి పట్టాకే తిన్నది అరుగుతుంది, కండరాలు పని చేస్తాయి. ఆ వేడి అందకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడాలో చూశారు. 2020 జనవరి 21న మియామీ వాతావరణ కార్యాలయం విచిత్రమైన హెచ్చరిక ఇచ్చింది. చలికి బిగుసుకుపోయిన ఇగువానాలు చెట్ల మీద నుంచి పడొచ్చు, చచ్చిపోయాయనుకోవద్దు అని. ఎండ తగలగానే వాటిలో చాలావరకు లేచి వెళ్లిపోతాయి.

రెండోది వెలుగు. మధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్స్ వరకు ఉంటుంది. లైట్ వేసిన మన హాల్లో 200, 300 లక్స్ ఉంటే గొప్ప. మన కంటికి రెండూ వెలుగే అనిపిస్తాయి. పగటి బల్లికి మాత్రం ఆ గది ఎప్పుడూ సాయంత్రంలాగే ఉంటుంది. పైగా పగటి బల్లుల కళ్లు మనకు కనిపించని యూవీఏ కిరణాలను కూడా చూస్తాయి. తిండి రంగు, తోటి బల్లి ఒంటి మీద గుర్తులు వాటికి అందులోనే తెలుస్తాయి. ఇగువానా, బియర్డెడ్ డ్రాగన్, మన తొండ తల పైన చిన్న చుక్కలాంటి మూడో కన్ను కూడా ఉంటుంది. బొమ్మలు కనిపించవు గానీ వెలుగు, చీకటి ఎంతసేపు ఉన్నాయో అది లెక్క పెడుతుంది. గోడ బల్లులకు అది లేదు.

మూడోది యూవీబీ. ఇంట్లో దొరకనిది, ఈ కథంతా తిరిగేది దీని చుట్టూనే.

ఎండ నుంచి ఎముక దాకా..

సూర్యకాంతిలో 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలను యూవీబీ అంటారు. చర్మంలో ఉండే 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం మీద ఇవి పడితే అది విటమిన్ డీ3కి ముందు రూపంగా మారుతుంది. ఆ ముందు రూపం ఒంటి వేడికి నెమ్మదిగా డీ3 అవుతుంది. అక్కడి నుంచి కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి రూపం మార్చుకుని, చివరికి పేగులు తిండిలోని కాల్షియంను పీల్చుకునేలా చేస్తుంది. వేడి లేకుండా యూవీబీ ఒక్కటే ఇచ్చినా పని సగంలో ఆగేది ఇందుకే. యూవీబీ లేకుండా వేడి ఒక్కటే ఇస్తే అసలు పని మొదలే కాదు.

ఈ సంగతి మనుషుల్లోనే ముందు బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బెర్లిన్‌లో రికెట్స్‌తో కాళ్లు వంకర్లు పోయిన పిల్లలను కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు పాదరసపు దీపం వెలుగులో ఉంచి నయం చేశాడు. అది 1919 నాటి మాట. జూల్లోని బల్లుల విషయంలో ఇదే పాఠం మళ్లీ నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. మన ఉడుముకు చుట్టమైన కొమొడో డ్రాగన్‌లను జూల్లో నాలుగు గోడల మధ్య పెంచినప్పుడు వాటి రక్తంలో విటమిన్ డీ3 అడవిలో ఉన్నవాటి కంటే బాగా తక్కువగా ఉందని, యూవీబీ తగిలేలా చేశాక పెరిగిందని 2000లో 'జూ బయాలజీ' పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది.

డీ3 లేకపోతే తిండిలో ఎంత కాల్షియం ఉన్నా పేగుల్లోంచి బయటికి పోతుంది. రక్తంలో కాల్షియం పడిపోతుంది. గుండె, కండరాలు నడవాలంటే కాల్షియం కావాలి కాబట్టి ఒళ్లు తన ఎముకల్లోంచే దాన్ని తోడుకోవడం మొదలుపెడుతుంది. పశువైద్యులు దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. ఇంట్లో పెంచే బల్లులకు వచ్చే జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మెట్ట ప్రాంతంలో పాడి రైతులకు ఇలాంటిది తెలియనిది కాదు. ఈనిన గేదెకు పాలజ్వరం వస్తే లేవలేక కూలబడిపోతుంది కదా, అక్కడా రక్తంలో కాల్షియం పడిపోవడమే. తేడా ఏమిటంటే గేదెకు అది గంటల్లో తెలుస్తుంది. బల్లికి నెలలు పడుతుంది.

మొదటి గుర్తులు చిన్నవి. కాలి వేళ్లు, తోక చివర సన్నగా వణకడం. పొట్టను నేల మీద నుంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవడం. ఇదివరకు ఎక్కిన కొమ్మ ఎక్కలేకపోవడం. తర్వాత కింది దవడ రబ్బరులా మెత్తబడుతుంది, నోరు సరిగా మూయలేదు. వెన్ను వంకరపోతుంది. కొన్నింటికి తొడలు లావెక్కి గట్టిగా కనిపిస్తాయి. చాలామంది బాగా తిని బలిసిందని సంతోషపడేది ఇక్కడే. నిజానికి మెత్తబడిన ఎముక చుట్టూ నార కణజాలం పేరుకోవడం వల్ల వచ్చిన వాపు అది. ఆడ బల్లి అయితే గుడ్లు బయటికి రాక లోపలే ఇరుక్కుపోతాయి. వంకర పోయిన వెన్ను మళ్లీ తిన్నగా కాదు. వణుకు దశలోనే పట్టుకుంటే మాత్రం కోలుకునే అవకాశం బాగా ఉంటుంది.

ఇలాంటి గుర్తు కనిపిస్తే మందుల షాపు కాల్షియం సిరప్ పోసి ఊరుకోకూడదు. ఎక్స్‌రే తీస్తేనే ఎముకల స్థితి తెలుస్తుంది. ఊళ్లోని పశువుల ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, గొర్రెలే. కాబట్టి గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల లాంటి చోటికి ముందుగా ఫోన్ చేసి, బల్లిని చూస్తారో లేదో కనుక్కుని తీసుకెళ్లడం మంచిది.

కిటికీ పక్కన పెడితే చాలు కదా?

చాలదు. పెంచేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మామూలు కిటికీ అద్దం వెలుగును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీఏలో కొంత రానిస్తుంది. యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. అక్వేరియం గాజు కూడా అంతే. పైగా కిటికీ దగ్గర గాజు పెట్టె పెడితే ఇంకో ప్రమాదం ఉంది. ఎండ నేరుగా పడిన గాజు పెట్టె నిమిషాల్లో పొయ్యిలా కాలుతుంది, లోపల ఉన్న జీవి తప్పించుకోవడానికి చోటు ఉండదు. యూవీబీ రాదు, వడదెబ్బ మాత్రం వస్తుంది.

ఇంట్లో ట్యూబ్‌లైట్, ఎల్‌ఈడీ బల్బు, పాత ఫిలమెంట్ బల్బు వేటిలోనూ లెక్కలోకి వచ్చే యూవీబీ లేదు. తిరుపతమ్మ తిరునాళ్లలో పెట్టే సీరియల్ లైట్లన్నీ తెచ్చి పెట్టె మీద చుట్టినా ఉపయోగం సున్నా. ఎల్‌ఈడీ ప్యాకెట్ మీద 'ఫుల్ స్పెక్ట్రమ్', 'డేలైట్' అని ఉంటే మోసపోవద్దు. అది వెలుగు రంగు గురించి చెప్పే మాట, యూవీబీ గురించి కాదు.

ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటి ఉంది. కోవిడ్ తర్వాత 'యూవీ ల్యాంప్' అనే పేరుతో క్రిములను చంపే లైట్లు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. వాటర్ ప్యూరిఫయర్ లోపల ఉండే చిన్న ట్యూబూ అలాంటిదే. వీటిలో వచ్చేది 254 నానోమీటర్ల యూవీసీ. ఇది కణాలను చంపడానికే తయారు చేసింది. బల్లి మీద వేస్తే కళ్లు, చర్మం కాలిపోతాయి. అదే గదిలో ఉన్న మనుషుల కళ్లకూ అంతే. సూర్యుడి యూవీసీ ఓజోన్ పొర దాటి నేల మీదకి రాదు, కాబట్టి ఏ జీవికీ దాన్ని తట్టుకునే అలవాటు లేదు. దోమలను పట్టే ఊదా రంగు లైట్లు, గోళ్ల రంగు ఆరబెట్టే యూవీ లైట్లు ఇంకో రకం. వాటిలో వచ్చేది యూవీఏ. డీ3 తయారవదు. అంటే 'యూవీ' అనే రెండక్షరాలు చూసి ఏదీ కొనకూడదు. సరీసృపాల కోసమని స్పష్టంగా రాసి ఉన్న యూవీబీ ల్యాంప్ మాత్రమే పనికొస్తుంది.

గోడ మీద బల్లికి ఏ లైటూ లేదుగా?

న్యాయమైన ప్రశ్నే. మన ట్యూబ్‌లైట్ పక్కన పురుగులు తింటూ తరతరాలుగా బతికేస్తున్న బల్లికి ఎవరూ యూవీబీ పెట్టలేదు. దీనికి జవాబు 2000లో 'కోపియా' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో ఉంది. మన ఇంటి బల్లి ప్రజాతికే చెందిన మధ్యధరా గెకోను, పగలంతా ఎండ కాచుకునే టెక్సాస్ బల్లిని పోల్చి చూశారు. ఒకే మోతాదు యూవీబీ ఇస్తే రాత్రి బల్లి చర్మమే ఎక్కువ సమర్థంగా డీ3 తయారు చేసింది. అది సందుల్లోంచి బయటికి వచ్చే కాస్త సేపట్లో తగిలే కొద్దిపాటి కిరణాలతోనే సరిపెట్టుకుంటుందన్నమాట. పైగా గోడ బల్లి ఖైదీ కాదు. కావాలంటే వెంటిలేటర్ దాటి బయటికి పోతుంది. పెట్టెలో ఉన్నదానికి ఆ వీలు లేదు.

దీన్నిబట్టే ఏ బల్లికి ఎంత కావాలో లెక్క కట్టారు. అమెరికా శాస్త్రవేత్త గ్యారీ ఫెర్గూసన్ బృందం అడవిలో బల్లులు ఎక్కడ కూర్చుంటున్నాయో అక్కడే మీటరు పెట్టి కొలిచి, 2010లో నాలుగు జోన్లుగా విడగొట్టింది. వాతావరణ వార్తల్లో వినే యూవీ ఇండెక్స్ కొలతే ఇక్కడా వాడతారు. తర్వాత 2016లో బ్రిటన్‌కు చెందిన ఫ్రాన్సెస్ బెయిన్స్, మరికొందరు కలిసి వందకు పైగా జాతులకు ఈ జోన్లు కేటాయించారు. మొదటి జోన్‌లో సంధ్యవేళ తిరిగేవి, నీడలో ఉండేవి. లెపర్డ్ గెకో, క్రెస్టెడ్ గెకో ఇందులోకి వస్తాయి. వీటికి సగటున 0.7 లోపు చాలు, గరిష్ఠంగా 1.4 దాటకూడదు. రెండో జోన్ చెట్ల నీడ, ఎండ మధ్య తిరిగేవాటిది. మూడో జోన్‌లో ఇగువానా, బియర్డెడ్ డ్రాగన్ ఉన్నాయి. ఇవి ఎండ కాచుకునే చోట 3 నుంచి 7 దాకా ఉండొచ్చు. నాలుగో జోన్ నడి ఎండలోనూ తిరిగే ఎడారి బల్లులది.

ఈ తేడా తెలియక పక్కింటాయన డ్రాగన్‌కు పెట్టిన లైటే తెచ్చి లెపర్డ్ గెకోకు పెడితే దాని కళ్లు దెబ్బతింటాయి. ఒంటి రంగు పోయేలా పెంచిన తెల్ల రకాలకు ఇంకా జాగ్రత్త కావాలి.

సంఖ్య ఎంతైనా పెట్టె మొత్తం అదే వెలుగు నింపకూడదు. ఒక చివర ఎండ, మరో చివర నీడ ఉండాలి. బల్లే తనకు కావాల్సినంత తీసుకుంటుంది. ఇది ఊహ కాదు. మడగాస్కర్‌కు చెందిన పాంథర్ ఊసరవెల్లులకు తిండిలో డీ3 తక్కువ ఇస్తే ఎక్కువసేపు యూవీబీ కింద కూర్చున్నాయి, ఎక్కువ ఇస్తే పక్కకు తప్పుకున్నాయి. తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు గానీ, ఈ విషయంలో తొండ కూడా తక్కువ తిన్నదేం కాదు.

ఏ లైట్ కొనాలి, ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు నమ్మకంగా పనిచేసేవి టీ-5 హై అవుట్‌పుట్ ట్యూబులు. జూమెడ్, ఆర్కేడియా, ఎగ్జో టెర్రా లాంటి కంపెనీలవి మన దగ్గరా దొరుకుతున్నాయి. ట్యూబ్ మీద 5.0, 10.0, 6 శాతం, 12 శాతం అని రాసి ఉంటుంది. ఆ ట్యూబ్ ఎంత ఘాటుదో చెప్పే గుర్తు అది. బల్లి వీపు మీద ఎంత పడుతుందో చెప్పదు. అది దూరాన్ని బట్టి ఉంటుంది. బియర్డెడ్ డ్రాగన్‌కు 10 లేదా 12 రకం ట్యూబ్‌ను మధ్యలో జాలీ లేకుండా అడుగు నుంచి అడుగుంపావు ఎత్తులో పెడతారు. లెపర్డ్ గెకోకు తక్కువ ఘాటుది, కొంత నీడతో చాలు.

మధ్యలో ఇనుప జాలీ ఉంటే మూడో వంతు, ఒక్కోసారి సగం కిరణాలు అక్కడే పోతాయి. దోమల జాలీ లాంటి సన్నటిదైతే ఇంకా ఎక్కువే. ట్యూబ్ వెనక అద్దంలా మెరిసే రిఫ్లెక్టర్ ఉంటే బల్లి మీద పడే మోతాదు బాగా పెరుగుతుంది. ఇన్ని తేడాలు ఉన్నాయి కాబట్టే సోలార్‌మీటర్ 6.5 అనే చిన్న పరికరంతో కొలిచి చూసుకోమంటారు. దాని ఖరీదు తక్కువేం కాదు. నలుగురైదుగురు పెంచేవాళ్లు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని.

ట్యూబ్ ఎప్పుడూ పైనుంచే వెలగాలి. బల్లుల కనుబొమ్మ ఎముక సూర్యుడు పైన ఉంటాడనే లెక్కతో తయారైంది. పక్కనుంచి పెడితే కిరణాలు నేరుగా కంట్లోకి పోతాయి. 2000ల దశాబ్దంలో కొన్ని కాంపాక్ట్ ల్యాంపుల వల్ల పెంపుడు సరీసృపాలకు కళ్లు వాచి మూసుకుపోయిన కేసులు విదేశాల్లో వచ్చాయి. అవసరానికి మించిన పొట్టి కిరణాలు రావడం, బాగా దగ్గరగా పెట్టడం ఇందుకు కారణాలు. కొత్త లైట్ పెట్టిన రెండు మూడు రోజుల్లో బల్లి కళ్లు మూసుకుని ఉంటే వెంటనే లైట్ తీసేయాలి.

మన ఎలక్ట్రికల్ షాపులకు సంబంధించిన ఒక కిటుకు. 24 వాట్ల టీ-5 హై అవుట్‌పుట్ ట్యూబ్, 14 వాట్ల మామూలు టీ-5 ట్యూబ్ ఒకే పొడవు, దాదాపు 55 సెంటీమీటర్లు. పిన్నులు కూడా సరిపోతాయి. దాంతో మామూలు పట్టీలో బిగించేస్తారు. వెలుగుతుంది కూడా. కానీ చోక్ ఇచ్చే కరెంటు చాలక యూవీబీ తగ్గిపోతుంది. పట్టీ మీద 24 వాట్లు, హై అవుట్‌పుట్ అని ఉందో లేదో చూసుకోవాలి. అలాగే అమెరికా నుంచి బంధువులు తెచ్చిన లైట్ అయితే ఓల్టేజీ చూడకుండా ప్లగ్గులో పెట్టకండి. అక్కడివి 110, 120 ఓల్టులవి. మన 230కి పేలిపోతాయి.

వేడి కోసం మామూలు తెల్ల హాలోజన్ ఫ్లడ్ బల్బు చాలు. సూర్యుడిలాగా ఒంట్లోకి దిగే వేడి ఇస్తుంది. వెలుగు ఇవ్వని సెరామిక్ హీటర్ పై చర్మాన్నే ఎక్కువగా కాలుస్తుంది, పగటి పూటకు అది సరైన మార్గం కాదు. వేడి బల్బు, యూవీబీ ట్యూబ్ రెండూ ఒకే వైపు ఉండాలి. వేడి కోసం వచ్చినప్పుడే కిరణాలూ తగలాలి కదా. బల్బుకు ప్లాస్టిక్ హోల్డర్ వద్దు, సెరామిక్‌ది వాడాలి. బల్లి ఎక్కి అంటుకోకుండా చుట్టూ తీగ గూడు ఉండాలి. వేడెక్కే రాళ్లు అని అమ్ముతుంటారు, వాటి జోలికి పోకండి. పొట్ట కాలుతున్నా బల్లికి సమయానికి తెలియదు.

మే నెల సంగతి వేరు

పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే లెక్కలు ఎక్కువగా చలి దేశాలవి. బియర్డెడ్ డ్రాగన్‌కు ఎండ కాచుకునే రాయి మీద 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి చివర 25 నుంచి 28 అంటారు. జనవరిలో జగ్గయ్యపేటలో ఇది తేలికే. మేలో గది వేడే 37, 38 ఉంటే చల్లటి చివర ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడు హాలోజన్ ఆపేయాల్సిందే. థర్మోస్టాట్ ఉంటే దానంతట అదే ఆగుతుంది. యూవీబీ ట్యూబ్ మాత్రం ఆపకూడదు. చాలామంది రెండూ ఒకే స్విచ్‌కు కలిపి, వేసవి మూడు నెలలూ మొత్తం ఆపేస్తారు. ఏప్రిల్‌లో ఆపితే జులై, ఆగస్టుకు వణుకు మొదలవుతుంది. ఎదిగే పిల్లలకైతే ఇంకా ముందే. రెండు స్విచ్‌లు వేరు చేయడం ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని.

పెట్టెను పై అంతస్తు నుంచి కింది గదికి, బల్ల మీద నుంచి నేల మీదకి మార్చితే తేడా తెలుస్తుంది. ఒక చివర బయటి నుంచి తడి గోనెపట్టా కప్పితే కొంత చల్లదనం. బల్లికి చెమట పట్టదు. నోరు తెరిచి కదలకుండా ఉంటే వేడి ఎక్కువైందని గుర్తు. కాసేపటికీ నోరు మూయకపోతే వెంటనే చల్లటి చోటికి మార్చాలి, ఐస్ నీళ్లలో మాత్రం ముంచకూడదు.

కరెంటు కోతకు భయపడక్కర్లేదు. డీ3 ఒంట్లో నిల్వ ఉంటుంది. రెండు మూడు గంటలు, ఆ మాటకొస్తే ఒకటి రెండు రోజులు ట్యూబ్ వెలగకపోయినా కొంప మునగదు.

లైట్లు ఎన్ని గంటలు? ఈ ప్రాంతం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు, అతి చిన్నది 11 గంటల పైచిలుకు. కాబట్టి ఏడాది పొడవునా రోజుకు 12 గంటలు పెట్టినా చాలు. చిన్న టైమర్ ప్లగ్ ఒకటి కొంటే మరిచిపోయే గొడవ ఉండదు. రాత్రి ఏ లైటూ వద్దు. 'బల్లికి కనిపించదు' అని చెప్పి ఎర్ర బల్బులు అమ్ముతారు, కానీ పగటి బల్లులకు ఎరుపు శుభ్రంగా కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. మన దగ్గర డిసెంబరు రాత్రుల చలికి కూడా ఆరోగ్యంగా ఉన్న డ్రాగన్‌కు గదిలో హీటర్ అవసరం పడేది అరుదు. ఇగువానాకు మాత్రం 20 డిగ్రీల కంటే దిగకుండా చూసుకోవాలి. దానికి వెలుగు రాని సెరామిక్ హీటర్ వాడొచ్చు.

అసలైన ఎండ ఉండగా..

ఏ ట్యూబూ ఎండకు సాటి రాదు. వారానికి రెండు మూడు సార్లు ఉదయం పూట అరగంట బయట ఉంచగలిగితే ఇంట్లో లైట్ లోటు చాలావరకు తీరుతుంది. గాజు పెట్టెలో కాదు, జాలీ బోనులో. సగం బోను మీద తాటాకో, గోనెపట్టానో కప్పి నీడ ఉంచాలి. పక్కన మనిషి ఉండాలి. కాకి, పిల్లి, కుక్క ఏది వచ్చినా ప్రమాదమే. వేసవి మధ్యాహ్నం ఇక్కడ యూవీ ఇండెక్స్ 11 దాటుతుంది, ఏ పెంపుడు బల్లికీ అంత అక్కర్లేదు. ఉదయం 8 గంటల ప్రాంతంలో 3కు అటూ ఇటూ ఉంటుంది. మీటరు లేనివాళ్లకు నీడే కొలత. మీ నీడ మీకంటే పొడుగ్గా ఉన్నంతసేపు కిరణాలు మెత్తగా ఉన్నట్టు. నీడ కాళ్ల కిందికి వచ్చిందంటే బల్లిని లోపలికి తెచ్చేయండి.

లైట్ ఉంటే సరిపోదు, పీల్చుకోవడానికి తిండిలో కాల్షియం ఉండాలి. ఆకులు తినే ఇగువానాకు మునగాకు, మందార ఆకులు, పూలు మంచివి. పాలకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు కాల్షియంను కట్టేస్తాయి కాబట్టి రోజూ వద్దు. పురుగులు తినేవాటికి పురుగుల మీద కాల్షియం పొడి చల్లి ఇవ్వాలి. డీ3 కలిపిన పొడి మోతాదు మించితే ఒంట్లోనే నిలిచి హాని చేస్తుంది. చర్మంలో తయారయ్యే డీ3కి ఆ ఇబ్బంది లేదు, ఎక్కువైనదాన్ని వెలుగే విడగొట్టేస్తుంది.

ఇంతకీ పెంచుకోవచ్చా?

ఇది లైట్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకున్నా, ఇంట్లో పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. లెపర్డ్ గెకోకు దగ్గరి బంధువు ఒకటి తూర్పు కనుమల్లోనూ ఉంది. అది మన అడవి జీవి, పెంపుడు జంతువు కాదు.

విదేశీ జాతుల సంగతి వేరు. 2022లో చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. ఇగువానా ఇందులోకి వస్తుంది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనల ప్రకారం, అప్పటికే వీటిని పెంచుతున్నవాళ్లు ఆరు నెలల్లోగా పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వివరాలు తెలపాలి. ఆ తర్వాత తెచ్చుకునేవాళ్లకు 30 రోజుల గడువు. కాగితాలు లేకుండా ఎవరో అమ్ముతున్న పిల్లను కొనడం ఇబ్బందులు కొని తెచ్చుకోవడమే. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో కుక్కి తెచ్చిన బల్లులను చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల్లో పదే పదే పట్టుకుంటున్న వార్తలు చూస్తూనే ఉన్నాం.

అరచేతిలో పట్టే పచ్చటి ఇగువానా పిల్ల తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. అప్పుడు దానికి పెట్టె కాదు, చిన్న గదే కావాలి. ఆ గదికి తగ్గ లైట్లూ కావాలి. పెంచలేక మున్నేట్లో వదిలేద్దామనుకోవడం మాత్రం తప్పు. ఫ్లోరిడాలో చెట్ల మీంచి పడుతున్నవి ఒకప్పుడు ఇలా వదిలేసిన, తప్పించుకున్న వాటి సంతతే.

ఖర్చు సంగతికొస్తే, 24 వాట్ల ట్యూబ్, 75 వాట్ల హాలోజన్ రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు సుమారు 36 యూనిట్లు. వేసవిలో హాలోజన్ ఆపితే 9 యూనిట్లు కూడా ఉండవు. బిల్లు కంటే బరువయ్యేది ట్యూబ్ మార్పిడి. వెలుగు అలాగే ఉన్నా యూవీబీ క్రమంగా పడిపోతుంది. పాత టీ-8 రకాన్ని ఆరు నెలలకు, టీ-5ను ఏడాదికి మార్చాలి. బిగించిన రోజే తేదీని మార్కర్‌తో ట్యూబ్ చివర రాసి పెట్టుకుంటే గుర్తుంటుంది. తీసేసిన ట్యూబులో పాదరసం ఉంటుంది కాబట్టి పగలగొట్టి చెత్తలో వేయకుండా, కొత్తదాని అట్టపెట్టెలో పెట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.